హాల్లో బండలు తీసి టైల్స్ వేయిస్తుంటే అక్వేరియం ఏం చేయాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. కడపలో మీ ఇంటి హాల్లో పాత బండలు పెరికి టైల్స్ వేయిస్తున్నారు, ఆ తర్వాత గోడలకు పుట్టీ, రంగులు. మేస్త్రి మూడు వారాలంటున్నాడు, అదీ మే నెలలో. ఆ హాల్లోనే నాలుగేళ్లుగా నడుస్తున్న 4 అడుగుల అక్వేరియం ఉంది. అందులో 6 ఏంజెల్స్, డజను దాకా టెట్రాలు, జానెడు పొడుగు సక్కర్ ఒకటి. ట్యాంకు మీద పట్ట కప్పి అక్కడే ఉంచొచ్చా, లేకుంటే సగం నీళ్లు తీసేసి నలుగురు పట్టి పడకగదిలోకి జరపొచ్చా అని అడిగారు. తీసేసిన బండ ఒకటి ట్యాంకుకు వాడుకోవచ్చా అనీ, గుడ్లు పెట్టే ఏంజెల్ జంట చెదిరిపోతుందేమో అనీ అడిగారు.

మొదటి రెండూ వద్దు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. చేపల్నీ, నడుస్తున్న ఫిల్టర్‌నీ కలిపి వేరే గదిలో టబ్బుల్లోకి మార్చండి. పని అయిపోయి, రంగు వాసన పోయాకే తిరిగి తెండి. ట్యాంకు ఒక్కసారే బయటికి పోవాలి, ఒక్కసారే లోపలికి రావాలి. బేల్దారి వాళ్లు "సగం హాలు ఇయ్యాల, సగం రేపు, అట్ల జరుపుకుంటా పోదాంలే అన్నా" అంటారు. ఒప్పుకోకండి.

నేను కర్నూల్లో ఉంటాను. ఇళ్లలో, క్లినిక్కుల్లో అక్వేరియంలు పెట్టి, నెలనెలా పోయి శుభ్రం చేసి వచ్చే పని నాది. ఇరవై ఏళ్లు దాటింది. ఇల్లు బాగు చేయించేటప్పుడు ట్యాంకు ఎట్లా మార్చాలో నాకు తెలిసొచ్చింది 2009 అక్టోబరు వరద తర్వాత. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు పాతబస్తీలో కింది అంతస్తులన్నీ బురదే. ఆ తర్వాత చాలా నెలలు ఎవరింటికి పోయినా బండలు మార్చడం, గోడలు గీకి రంగులు వేయడమే. మిద్దెపైన ఉండి బతికిపోయిన ట్యాంకుల్ని అప్పుడు నేను వరసగా మార్చాను. మార్చిన రోజు చేపలన్నీ బాగానే ఉండేవి. నాలుగో రోజో ఐదో రోజో ఫోన్ వచ్చేది, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని. నీళ్లు మంచివే, అద్దం పగల్లేదు, మరి ఎందుకు పోతున్నాయో అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది, నేను ట్యాంకును జాగ్రత్తగా మోశాను కానీ ఫిల్టర్‌ను బకెట్లో పడేసి మరిచిపోయానని.

ముందు సగం నీళ్ల సంగతి చూద్దాం. మీది 4 × 1½ × 1½ అడుగుల ట్యాంకు, అంటే 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల లెక్కన అంచు దాకా 255 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. 8 ఎంఎం అద్దమైతే ఖాళీ ట్యాంకే 40 కిలోల పైన ఉంటుంది. గులకరాళ్లు ఒక 35 కిలోలనుకోండి. సగం నీళ్లు తీసేసినా మీరు ఎత్తేది 200 కిలోలు. బరువు ఒక్కటే అయితే నలుగురు మోయొచ్చు. కానీ నీళ్లు ఊగుతాయి. ఒకడు అర అడుగు ముందుకు పడ్డాడంటే నీళ్లన్నీ ఒకే మూలకు వస్తాయి, అడుగు అద్దం మెలిపడుతుంది. అద్దం అప్పుడే పగలకపోవచ్చు. పోయేది సిలికాన్ అతుకు. నేను పని మొదలుపెట్టిన కొత్తలో మా ఇంట్లో 3 అడుగుల ట్యాంకును పావు వంతు నీళ్లు, గులకరాళ్లు లోపలే ఉంచి మా తమ్ముడూ నేనూ జరిపాం. ఆరోజు ఏమీ కాలేదు. మూడోరోజు రాత్రి చాప తడిసింది. వెనక మూల కింద అతుకు వెంట్రుకవాసి లేచింది, చుక్క చుక్కగా కారుతోంది. అందుకే ఇప్పుడు గులకరాళ్లు కూడా తీయకుండా ఏ ట్యాంకునూ లేపను.

ఇక పట్ట కప్పి అక్కడే ఉంచడం. దుమ్ము పైనుంచి పడుతుందని మనం అనుకుంటాం, అందుకే పట్ట కప్పుతాం. కానీ అక్వేరియంలోకి గది గాలి పోయే దారి పైన కాదు, ఎయిర్ పంపులో ఉంది. ఆ పంపు రోజంతా గదిలోని గాలిని పీల్చి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. పట్ట ఎంత బిగించి కట్టినా పంపు హాల్లో ఉందంటే హాల్లో గాలంతా నీళ్లలోకే.

ఒకసారి మీ పంపును తిరగేసి చూడండి. చాలావాటికి అడుగున రూపాయి బిళ్లంత ఫెల్ట్ ముక్క ఉంటుంది, గాలి దాని గుండానే లోపలికి పోతుంది. ఒక ఇంట్లో పుట్టీకి ఎమ్రీ పేపర్ కొట్టిన రోజు సాయంత్రం నేను ఆ ముక్క ఊడదీశాను. బూడిదరంగులో ఉండాల్సింది బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా ఉంది. వేలితో తట్టితే పొగలాగా లేచింది. అక్కడ ఆగింది అంత, ఆగకుండా నీళ్లలోకి పోయింది ఎంతో. పుట్టీలో తెల్ల సిమెంటు ఉంటుంది, నేల పనిలో మామూలు సిమెంటు. రెండూ నీళ్ల పీహెచ్‌ను (క్షారగుణం చూపే అంకెను) పైకి నెడతాయి. మన ప్రాంతంలో అసలే అది ఎక్కువ. నేను కొలిచిన బోరు నీళ్లు చాలావరకు 8 దగ్గరే ఉంటాయి.

దుమ్ము కంటే వాసనలు ఎక్కువ భయపెడతాయి నన్ను. ఎనామిల్, టిన్నరు, తలుపులకూ అల్మారాలకూ కొట్టే పాలిష్, టైల్స్ వేశాక మరకలు పోవడానికి పోసే యాసిడ్. కర్నూల్లోనే ఒక ఇంట్లో ట్యాంకుకు రెండు పొరల ప్లాస్టిక్ చుట్టి, పక్కనే అల్మారాకు పాలిష్ కొట్టారు. పంపు టేబుల్ కిందే నడుస్తోంది. తెల్లారేసరికి ఏంజెల్స్ పైన నిలబడి ఊపిరి తీస్తున్నాయి, గురామీలు రెండు పక్కకు వాలిపోయాయి. గురామీలు, ఫైటర్లు నీటి పైకి వచ్చి నేరుగా గాలి మింగుతాయి కాబట్టి వాటికి దెబ్బ రెండు వైపుల నుంచీ. పంపును బాల్కనీలోకి మార్చి, సగం నీళ్లు మార్చి, ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే సగం చేపలు నిలిచాయి. మిగతా సగం నిలవలేదు.

పైగా బండలు పెరికేటప్పుడు సుత్తి దెబ్బలు, బ్రేకర్ మిషన్ అదురు. చేపకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా పార్శ్వరేఖ ఉంటుంది. నీళ్లలో ఏ చిన్న కదలికనైనా దానితోనే పసిగడుతుంది. అట్లాంటిదాన్ని రోజంతా మిషన్ పక్కన ఉంచడం వద్దు.

చెదల మందు గురించి మీ మేస్త్రిని ఈరోజే అడగండి. మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు, కానీ బండలు తీసినప్పుడు నేలలో మందు కొట్టించడం మామూలే. ఒక్కోసారి ఇంటివాళ్లకు ఆ రోజు పొద్దున దాకా తెలియదు. అందులో ఉండేది బైఫెంత్రినో, క్లోర్‌పైరిఫాసో, ఇమిడాక్లోప్రిడో అయి ఉంటుంది. బైఫెంత్రిన్ లాంటివి లీటరు నీళ్లలో మైక్రోగ్రాముల లెక్కలోనే చేపను చంపుతాయి. అనంతపురంలో నేను చూసుకునే ఒక ఇంట్లో హాలుకు మందు కొడుతుంటే చేపలు పక్క గదిలోనే ఉన్నాయి, తలుపు వేసే ఉంది. మందు కలిపిన మనిషి చేతులు కడుక్కోవడానికి చేపల టబ్బు పక్కన నింపిపెట్టిన బకెట్లో చెయ్యి ముంచాడు. సాయంత్రం ఆ బకెట్ నీళ్లే ఇంటావిడ టబ్బులో పోశారు. రాత్రి తొమ్మిదికల్లా ఒక్కటి మిగల్లేదు. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. మందు కొట్టేదుంటే ఆ రెండు రోజులూ టబ్బుల్ని ఇంట్లోనే ఉంచకండి. మిద్దెపై గదికో, పక్కింటికో మార్చండి. చేపల బకెట్లు, జగ్గులు వేరుగా పెట్టి మీద పెద్ద అక్షరాలతో రాయండి.

అదే కోవలోది ఇంకోటి. చేపలు పడకగదికి వస్తే ఆ గదిలో మీరు కూడా పడుకుంటారు. దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ ఆ మూడు వారాలూ వద్దు. వాటిలో ఉండేదీ చెదల మందుకు చుట్టమే. దోమతెర కట్టుకోండి.

ఇప్పుడు ఫిల్టర్. ట్యాంకులో మనకు కనిపించేది చేపలు, కానీ వాటిని బతికించేది ఫిల్టర్ స్పాంజ్‌లో, సిరామిక్ రింగుల్లో, గులకరాళ్ల మీద జిగురులాగా పట్టుకుని ఉన్న బాక్టీరియా. చేప వదిలే అమ్మోనియాను ఒక రకం నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో పెద్ద హాని లేదు, నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. పాత నీళ్లు 200 లీటర్లు మోసుకుపోయి, స్పాంజ్‌ను కుళాయి కింద తెల్లగా ఉతికారంటే, ప్రాణమున్నది పారబోసి ప్రాణం లేనిది దాచుకున్నట్టు.

ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, తడి కావాలి, క్లోరిన్ తగలకూడదు. ఈ మూడే. మూసిన డబ్బాలో ఫిల్టర్‌ను కొన్ని గంటలు వదిలేస్తే చచ్చిపోవడం మొదలవుతుంది. ఒక రోజు వదిలేసి మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. దాన్ని అట్లాగే చేపల మీద తిప్పితే విషం పోసినట్టే. మన నీళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి పోయిందంటే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలవుతుంది, నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మెత్తని నీళ్లున్న ఊళ్లో ఒకరు చేసి తప్పించుకున్న పొరపాటు మే నెలలో కడపలో చేస్తే తప్పించుకోలేరు.

మార్చడానికి వారం ముందు ఒక పావు వంతు నీళ్లు మార్చి, గులకరాళ్ల అడుగున చేరిన మడ్డిని సైఫన్‌తో లాగండి. ఆ వారంలో ఫిల్టర్ కడగొద్దు. రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు కొనండి, ఒక్కోటి 80 నుంచి 100 లీటర్లు పట్టేవి. ఎత్తుగా ఉండే డ్రమ్ము కంటే వెడల్పు టబ్బు మేలు, నీళ్లకు గాలి తగిలే పైభాగం ఎక్కువ ఉంటుంది. రంగు డబ్బాలు, ఫినాయిల్, సబ్బు పొడి ఒక్కసారి పోసిన బకెట్లు ఎంత కడిగినా వాడొద్దు. కొత్త టబ్బును కూడా ఉత్త నీళ్లతోనే కడిగి, ఒకరోజు నీళ్లు నింపి పారబోయండి. రెండు రోజుల ముందు నుంచి మేత ఆపండి. పెద్ద చేపలు రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు. మేత తిన్న చేప టబ్బులో వదిలే మలమే మీకు తలనొప్పి.

మార్చే రోజు పొద్దున ఆరుకల్లా మొదలుపెట్టండి. మొదట అన్ని ప్లగ్గులూ తీసేయండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు అద్దెకు దొరుకుతాయి. ట్యాంకులోని పై నీళ్లు, మడ్డి కలవకముందే, వాటిలోకి సైఫన్ చేసి టబ్బుల్లో పోయండి. పాత నీళ్లలో బాక్టీరియా లేదన్నాను కదా, అయినా అవి కావాలి, చేపకు ఆ ఉప్పదనం, ఆ వేడి అలవాటు కాబట్టి. టబ్బుల్లో సగానికి పైగా పాత నీళ్లే ఉండేట్టు చూడండి. తర్వాత ఫిల్టర్ తీసి వెంటనే టబ్బులో పెట్టి నడపండి. టాప్ ఫిల్టర్ టబ్బు అంచు మీద నిలవకపోతే అందులోని స్పాంజ్‌నూ రింగుల్నీ వలసంచిలో కట్టి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) మీద వేలాడదీయండి. ఆ సంచి గుండా బుడగలు పోతుంటే చాలు, ఫిల్టర్ బతికే ఉంటుంది. రెండు కిలోల గులకరాళ్లు కూడా ఇంకో వలసంచిలో వేసి టబ్బులో ఉంచండి. మిగిలినవి మూడు వారాలు బకెట్లో నానబెట్టొద్దు, కుళ్లుతాయి. కడిగి మిద్దెపైన ఎండబోయండి.

ఫిల్టర్ నడుస్తున్నాకే చేపలు. నిండు ట్యాంకులో వలేసి తరమకండి. కట్టెలు, మొక్కలు, బొమ్మలు తీసేసి నీళ్లు నాలుగైదు అంగుళాలకు దిగనివ్వండి, అప్పుడు చేప తనే వల్లోకి వస్తుంది. ఏంజెల్స్‌కు మెత్తటి పెద్ద వల, లేకుంటే రెక్కలు చిరుగుతాయి. సక్కర్‌కు అసలు వల వాడొద్దు. దాని రెక్కల ముందు ముళ్లు, బుగ్గల మీది కొక్కేలు వలలో చిక్కుకుంటాయి, మనం లాగే కొద్దీ అది ఇంకా విప్పుతుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి నీళ్లతో సహా ఎత్తండి. దానిని ఒక టబ్బులో టెట్రాలతో ఉంచండి, ఏంజెల్స్‌ను ఇంకో టబ్బులో. రెండు టబ్బులకూ వల కప్పండి, పిల్లి నుంచీ బల్లి నుంచీ కాపాడటానికి.

ఖాళీ ట్యాంకును ఇద్దరు చాలు, కానీ ముగ్గురు ఉండండి. పై అంచు పట్టుకుని లేపొద్దు, అడుగున చేతులు వేయండి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నడవండి. దాన్ని నీడలో, థర్మాకోల్ షీట్ మీద, మామూలుగా నిలబెట్టే తీరులోనే పెట్టి చుట్టూ అట్ట కట్టండి. ఖాళీ పెట్టె కనిపిస్తే పనివాళ్లు అందులో ఏదో ఒకటి పెడతారు. కరనీలు, మేకులు, ఒకచోట టీ ఫ్లాస్కు కూడా చూశాను. కట్టిన అట్ట మీద "లోపల ఏమీ పెట్టొద్దు" అని రాయండి.

టబ్బులు పెట్టే గదికి వస్తే, మధ్యాహ్నం ఎండ పడే వరండా వద్దు, వంటగది వద్దు, బాత్రూం అసలే వద్దు. హాలుకు దూరంగా ఉండే గది, తలుపు కింద సందుకు తడిగుడ్డ. ఎయిర్ పంపును మాత్రం పని జరిగే వైపు కాకుండా అవతలి కిటికీ దగ్గర పెట్టి పొడుగు పైపు వేయండి, నీళ్ల మట్టం కంటే ఎత్తులో. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపు గుండా వెనక్కి దిగి పంపులోకి వస్తాయి. వైరింగ్ కూడా మారుస్తుంటే రోజులో నాలుగైదు గంటలు కరెంటు ఉండదు, కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తెచ్చిపెట్టుకోండి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతాయి, 32 డిగ్రీలకు అది 7 పైచిలుకుకు పడిపోతుంది. అంటే మన ఎండల్లో గాలి ఆగితే మీకు దొరికే వ్యవధి తక్కువ.

నీళ్లు వేడెక్కితే ఐస్ ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపకు వేడి కంటే అదే పెద్ద దెబ్బ. టబ్బు చుట్టూ తడి గోనెసంచి కట్టి నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. మట్టికుండ చల్లబడే పద్ధతే ఇదీ. సముద్రం పక్క ఊళ్లలో ఇది అంతగా పనిచేయదు, మన పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు తేలిగ్గా దిగుతుంది. తగ్గిన నీళ్లను మాత్రం రోజూ నింపుతుండాలి.

మూడు వారాలూ రోజుకు ఒక్కపూట, మామూలుగా వేసేదాంట్లో సగం మేత. మూడు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్పు. మున్సిపల్ నీళ్లయితే ఒకరోజు ముందు పట్టి ఎయిర్ స్టోన్ వేసి ఉంచండి. ఆ వ్యవధి లేకపోతే 50 లీటర్లకు ఒక గ్రాము హైపో (క్లోరిన్ విరగ్గొట్టే మందు) చాలు, కుళాయిలో వచ్చే క్లోరిన్‌కు అది ఎక్కువే. చుక్కల అమ్మోనియా కిట్ ఒకటి కొనండి, మొదటి పది రోజులు రోజు విడిచి రోజు చూడండి. రంగు కొంచెం మారినా ఆరోజు మేత ఆపి మూడోవంతు నీళ్లు మార్చండి.

తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు. నింపాక ట్యాంకు, స్టాండు కలిపి 300 కిలోల పైన ఉంటుంది, అదంతా నాలుగు కాళ్ల మీద. టైల్ కింద మాలు సరిగా నిండకపోతే తట్టినప్పుడు డొల్ల మోత వస్తుంది. కాళ్లు వచ్చే చోట్ల ముందే తట్టి చూసుకుని, డొల్లగా ఉంటే మేస్త్రితో మళ్లీ వేయించండి. వేశాక కనీసం వారం రోజులు ఆ నేల మీద బరువు వద్దు. స్టాండు కింద ప్లైవుడ్ పలక వేసి రసమట్టంతో మట్టం చూడండి. ట్యాంకును మాత్రం పెరట్లోనో వరండాలోనో థర్మాకోల్ మీద పెట్టి నీళ్లు నింపి, చుట్టూ పాత పేపర్లు పరిచి, ఒకరోజు కారుతుందేమో చూశాకే లోపలికి తీసుకుపోండి.

రంగు వాసన సంగతి. మామూలు ఎమల్షన్ అయితే కిటికీలు తెరిచిపెట్టుకుంటే ఐదారు రోజులు, ఎనామిల్, పాలిష్ అయితే రెండు వారాలు పైనే. మీ ముక్కును నమ్మకండి, అది అలవాటుపడిపోయి ఉంటుంది. రాత్రి హాలు తలుపులన్నీ మూసి, పొద్దున బయటివాళ్లెవరినైనా, పాలు పోసే ఆమెనైనా సరే, లోపలికి పిలిచి వాసన వస్తుందా అని అడగండి. వస్తుందంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

ఎలక్ట్రీషియన్ ఇంకా ఇంట్లో ఉండగానే ఒక పని చేయించుకోండి. అక్వేరియానికి విడిగా ఒక పాయింటు, నీళ్ల మట్టం కంటే పైన, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ రక్షణతో. వైరు కిందికి వంగి మళ్లీ పైకి పోయి ప్లగ్గులో చేరాలి, అప్పుడు జారిన చుక్క నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు. ఈశాన్యంలో పెట్టుకోవాలని మీ ఇంట్లో అంటే పెట్టుకోండి. తూర్పు కిటికీ ఎండ నేరుగా పడకుండా తెర ఉంటే చాలు, లేకపోతే అద్దం పచ్చగా పాచి పడుతుంది.

మీరడిగిన పాత బండ. ట్యాంకు కింద వేసుకోవడానికి దానికి మించింది లేదు. స్టాండు మీద బండ, దాని మీద అరంగుళం థర్మాకోల్, ఆపైన ట్యాంకు. ట్యాంకు లోపల మాత్రం వద్దు. కడప బండైనా బేతంచెర్ల బండైనా సున్నపురాయే, భూగర్భ శాస్త్రం వాళ్లు నార్జి సున్నపురాయి అంటారు. విరిగిన అంచు మీద నిమ్మకాయ పిండి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుసబుస వినిపిస్తుంది. అది నీళ్లలో ఉంటే నెమ్మదిగా కరుగుతూ ఇప్పటికే గట్టిగా ఉన్న నీళ్లను ఇంకా గట్టిచేస్తుంది. ఏంజెల్స్, టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల చేపలు, మన నీళ్లకు ఎట్లాగో సర్దుకుని బతుకుతున్నాయి, అంతకంటే భారం పెట్టొద్దు.

ఇక ఏంజెల్ జంట. ఆరింటినీ ఒక టబ్బులో వేస్తే ఆ జంట మిగిలిన నాలుగింటినీ మూలకు తరుముతుంది. మధ్యలో గట్టి ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టి జంటను వేరు చేయండి. టబ్బులో గుడ్లు పెడితే పెట్టనివ్వండి, పిల్లల మీద ఆశ మాత్రం పెట్టుకోకండి, ఈ గందరగోళంలో అవే తినేస్తాయి. ట్యాంకు తిరిగి నింపేటప్పుడు ఇంతకుముందు అవి గుడ్లు అంటించిన ఆకో, ఫిల్టర్ పైపో ఏదైతే ఉందో దాన్ని తోమి కొత్తగా చేయకండి, పాత చోటే అదే వాలులో నిలబెట్టండి. నేను చూసిన జంటలు చాలావరకు నెలా రెండు నెలల్లో మళ్లీ ఆ పైపు దగ్గరికే వచ్చి నోటితో దాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టాయి.